బొద్దుగా, సరదాగా, తెలుగులో: ‘బాలూ తమ్ముడు’ ఫాంట్ విప్పి చూస్తే

ఇంగ్లీషులో ఒక ఫాంట్‌ను సరదాగా మార్చాలంటే డిజైనర్ ముందుగా చేసే పని మూలల్ని గుండ్రం చేయడం. నిటారుగా, కోణాలతో నిలబడే అక్షరాలు కాస్త ఒంపు తిరిగితే చాలు, బిగుసుకుపోయిన ముఖం సగం వదులవుతుంది. ఈ కిటుకు తెలుగులో పనిచేయదు. మన అక్షరాలు పుట్టుకతోనే గుండ్రం. కోర్టు నోటీసులో ‘ల’ గుండ్రమే, చాక్లెట్ కవరు మీద ‘ల’ కూడా గుండ్రమే. మరి ఒక తెలుగు ఫాంట్‌ను చూడగానే ‘ఇది ఆటపాటల అక్షరం’ అనిపించేది దేనివల్ల? గుండ్రదనం వల్ల కాదన్నది తేలిపోయింది కాబట్టి, ఇంకెక్కడో వెతకాలి.

వెతకడానికి మంచి ఉదాహరణ ‘బాలూ’ ఫాంట్ కుటుంబం. ముంబయికి చెందిన ‘ఏక్ టైప్’ సంస్థ డిజైన్ చేసిన ఈ ఫాంట్లు 2016లో గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా వచ్చాయి. మూల ఫాంట్ ‘బాలూ’లో ఉన్నది దేవనాగరి. దానికి తోబుట్టువులుగా ఒక్కో లిపికి ఒక్కో ఫాంట్ తయారు చేసి, వరసలు కలిపి పేర్లు పెట్టారు. గుజరాతీకి బాలూ భాయ్, ఉర్దూకు బాలూ భాయిజాన్, ఒడియాకు భాయినా, మలయాళానికి చేట్టన్, బెంగాలీకి దా, గురుముఖికి పాజీ, కన్నడకు తమ్మ, తమిళానికి తంబి. మన వంతుకు వచ్చింది బాలూ తమ్ముడు. ఈ పదింటిలోనూ ఇంగ్లీషు అక్షరాలు ఉంటాయి. హైదరాబాద్‌లో భాయిజాన్, తమ్ముడు ఒకే బోర్డు మీద పక్కపక్కన కనిపించడంలో వింతేమీ లేదనుకోండి.

మొదట వచ్చిన బాలూకు ఒకటే మందం ఉండేది, అదీ బాగా లావు. తర్వాత ‘బాలూ 2’ పేరుతో వచ్చిన రూపంలో రెగ్యులర్ నుంచి ఎక్స్‌ట్రా బోల్డ్ దాకా ఐదు మందాలు ఇచ్చారు. తెలుగులో దాని పేరు ‘బాలూ తమ్ముడు 2’.

ఇలాంటి లావుపాటి అక్షరాల అవసరం ఎలా పుట్టిందో రెండు ముక్కల్లో చెప్పుకుని ముందుకు పోదాం. పుస్తకం చదివేవాడు కుర్చీలో కూర్చుని పేజీని దగ్గరగా పెట్టుకుంటాడు. గోడ మీది ప్రకటనకు ఆ సౌకర్యం లేదు, నడిచిపోయే మనిషిని అది ఆపాలి. అందుకే 19వ శతాబ్దం మొదట్లో ఇంగ్లండ్‌లో లాటరీ ప్రకటనల కోసం, నాటకాల పోస్టర్ల కోసం పుస్తకాల అక్షరాలను విపరీతంగా లావు చేసి వాడటం మొదలైంది. తర్వాత వంద ఏళ్లకు, 1922లో, అమెరికాలోని షికాగోలో ఓస్వాల్డ్ కూపర్ గీసిన ‘కూపర్ బ్లాక్’ వచ్చింది. బొద్దుగా, అంచులు మెత్తగా, కరిగిన వెన్నలా ఉండే ఆ అక్షరాలే ఈనాటి సరదా ఫాంట్లలో చాలావాటికి పూర్వీకులు. దూరదృష్టి ఉన్న ప్రింటర్లకూ, చూపు ఆనని వాళ్ల కస్టమర్లకూ పనికొచ్చే అక్షరాలు ఇవని కూపరే చమత్కరించాడట. ఇలా శీర్షికలకు, బోర్డులకు, కొద్ది మాటలు పెద్దగా కనిపించాల్సిన చోట్లకు గీసిన వాటినే డిస్‌ప్లే ఫాంట్లు అంటారు. వ్యాసం మొత్తం వాటితో కంపోజ్ చేస్తే చదివేవాడికి కళ్లు నొప్పి పుడతాయి. అది ఫాంట్ తప్పు కాదు, దాన్ని తెచ్చి అక్కడ పెట్టినవాడి తప్పు.

ఇప్పుడు అసలు విషయం. ఇంగ్లీషు బాలూలో ఒక చిన్న కిటుకు ఉంది. మామూలు ఇంగ్లీషు ఫాంట్లలో చిన్నబడి ‘ఎన్’, ‘యూ’, ‘డీ’ లాంటి అక్షరాల నిలువు గీత, ఒంపు కలిసే చోట ఒక చిన్న మొనలాగా బయటికి పొడుచుకొస్తుంది. బాలూలో ఆ మొనలు తీసేశారు. గీత ఎక్కడ మొదలైందో, ఒంపు ఎక్కడ అందుకుందో తెలియనట్టు ఒకే ఊపులో తిరుగుతుంది. చిన్న మార్పే కానీ, అక్షరం కుదురుగా కూర్చున్నట్టు కాక కదులుతున్నట్టు కనిపించడానికి అదే కారణం.

తెలుగులో తీసేయడానికి అలాంటి మొన లేదు. మనకున్నది తలకట్టు. నన్నడిగితే తెలుగు అక్షరం ముఖకవళిక మొత్తం తలకట్టులోనే ఉంది. అది సన్నగా, పొడుగ్గా, ఒకే వాలుతో ఉంటే అక్షరం బడిపంతులులా కనిపిస్తుంది. పొట్టిగా, లావుగా, కొస మొద్దుబారి ఉంటే అదే అక్షరం అల్లరిగా కనిపిస్తుంది. పైగా తలకట్టు అన్ని అక్షరాలకూ ఉండదు. జ, ట, బ, ల, ణ లాంటివి తలకట్టు లేకుండానే తిరుగుతాయి. ‘కలగలపు’ అనే మాట రాసి చూడండి. తలకట్టు ఉన్నవీ లేనివీ ఒకదాని పక్కన ఒకటి వచ్చి, పైవరస ఎగుడుదిగుడుగా ఉంటుంది. దేవనాగరికి ఉన్నట్టు అన్నిటినీ కలిపి కట్టే శిరోరేఖ మనకు లేదు. పాఠ్యం కోసం ఫాంట్ గీసేవాళ్లు ఆ ఎగుడుదిగుడును వీలైనంత సద్దుమణిగేలా చేస్తారు. సరదా ఫాంట్ గీసేవాళ్లు దాన్నే ఆసరా చేసుకుని అక్షరాల్ని గెంతిస్తారు. తెలుగులో ఆటతనం వచ్చే చోట్లు ఇవి: తలకట్టు తీరు, గీత కొసల తీరు, వత్తుల తీరు.

కానీ లావు చేయడం మొదలుపెట్టగానే అసలు తిప్పలు మొదలవుతాయి.

గీత లావెక్కితే ఆ మందం ఎక్కడికి పోవాలి? కొంత బయటికి, కొంత లోపలికి. బయటికి మరీ పెంచితే అక్షరం వెడల్పయి పక్కదాన్ని తోస్తుంది. లోపలికి పెంచితే అక్షరం కడుపులోని తెల్ల ఖాళీ తరిగిపోతుంది. మనం అక్షరాన్ని గుర్తుపట్టేది నల్ల గీతను చూసి మాత్రమే కాదు, ఆ తెల్ల ఖాళీని చూసి కూడా. తెలుగులో అక్షరాల మధ్య తేడాలు చాలావరకు ఈ చిన్న చిన్న ఖాళీల్లోనే ఉన్నాయి. ‘ర’ లోపల చుక్క పెడితే ‘ఠ’. ‘ధ’ లోపల చుక్క పెడితే ‘థ’. ‘ప’ దగ్గర తెరిచి ఉన్న నోరు ‘వ’ దగ్గరికొచ్చేసరికి మూసుకుంటుంది. ‘ప’ కడుపులో ఒక గీత చేరితే ‘ష’. గీత లావై ఆ నోరు పూడిపోయిందంటే ‘పాప’ కాస్తా ‘వావ’ అయి కూర్చుంటుంది.

ఇంకో పేచీ ‘మ’, ‘వు’ల మధ్య ఉంది. ‘మ’ అంటే చూడటానికి ‘వ’కు కొమ్ము తగిలించినట్టే ఉంటుంది. అందుకే ‘వు’ రాసేటప్పుడు కొమ్మును కాస్త కిందినుంచి తీస్తాం. సన్నటి ఫాంట్లలో ఈ తేడా స్పష్టంగా తెలుస్తుంది. లావు ఫాంట్లో కొమ్ము కూడా లావెక్కి పైకి జరిగితే ‘ఆవు’ను ‘ఆమ’ అని చదువుకునే ప్రమాదం ఉంది. కాబట్టి మంచి లావు ఫాంట్‌లో గీతలన్నీ ఒకే మందంతో ఉండవు. బయటి ఒంపు లావుగా ఉంచి, లోపలికి తిరిగే చోట గుట్టుగా సన్నబరుస్తారు. రెండు గీతలు కలిసే మూలలో ఇంకాస్త చెక్కేస్తారు. చూసేవాళ్లకు అంతా ఒకే లావుగా ఉన్నట్టే అనిపిస్తుంది. ఆ భ్రమ కల్పించడంలోనే పనితనం ఉంది. ఏ సాఫ్ట్‌వేర్‌లోనో సన్నటి ఫాంట్ తీసుకుని చుట్టూ అంగుళంలో ఇంత అని మందం పెంచితే లావు ఫాంట్ తయారు కాదని చెప్పేది ఇందుకే.

ఇక వత్తులు. ఇంగ్లీషు అక్షరం ఒక వరసలో పక్కకు నడిచిపోతుంది. తెలుగు అక్షరం పక్కకూ నడుస్తుంది, కిందికీ దిగుతుంది. ‘శాస్త్రం’లో ‘స’ కింద త వత్తు, దానికి తోడు క్రావడి. ‘రాష్ట్రం’లో ‘ష’ కింద ట వత్తు, మళ్లీ క్రావడి. ‘స్త్రీ’లో ఇవన్నీ చాలక పైన గుడిదీర్ఘం కూడా. మామూలు మందంలోనే ఇది ఇరుకు సంసారం. లావు ఫాంట్లో వత్తును కూడా అదే మందంతో గీస్తే అది నల్లటి ముద్దవుతుంది. మరీ సన్నగా గీస్తే పై అక్షరానికీ దానికీ చుట్టరికం లేనట్టు వేలాడుతుంది. మధ్యేమార్గం ప్రతి వత్తుకూ వేరుగా వెతకాల్సిందే. య వత్తు కుడిపక్కకు సాగుతుంది, క్రావడి కింద చుట్టుకుంటుంది, త వత్తు బుద్ధిగా అడుగున కూర్చుంటుంది. ఏ తెలుగు ఫాంట్ సత్తా అయినా తేల్చాలంటే నేను చూసేది ‘అ ఆ ఇ ఈ’ కాదు. ‘స్త్రీ, రాష్ట్రం, మత్స్యం, జ్ఞానం, లక్ష్మి, పెళ్ళి’ అని టైప్ చేసి చూస్తే ఫాంట్ జాతకం అక్కడే బయటపడుతుంది.

వీటన్నిటినీ కంప్యూటర్ ఎలా సంబాళిస్తుందనేది కూడా తెలుసుకోవాల్సిన సంగతే. ప్రతి భాష అక్షరాలకూ కంప్యూటర్లలో ఒక్కో సంఖ్య కేటాయించే ఉమ్మడి పట్టిక యూనికోడ్. అందులో తెలుగుకు కేటాయించినవి మొత్తం 128 గడులు, అవి కూడా అన్నీ నిండలేదు. ‘క్ష’కు అందులో వేరే గడి లేదు. క, పొల్లు, ష అని మూడు గుర్తులు వరసగా నిల్వ ఉంటాయి. వాటిని కలిపి ‘క్ష’ ఆకారం ఎంచుకునే సూచనలు ఫాంట్ ఫైలులో ఉంటాయి. ఆ సూచనల్ని చదివి అమలు చేసేది మీ సాఫ్ట్‌వేర్‌లోని ఇంజిన్. క్రోమ్, ఫైర్‌ఫాక్స్, ఆండ్రాయిడ్, లిబ్రే ఆఫీస్ వాడేది ‘హార్ఫ్‌బజ్’ అనే ఇంజిన్. అందుకే వాటిలో తెలుగు సాధారణంగా సరిగ్గానే కనిపిస్తుంది. అడోబీ సాఫ్ట్‌వేర్లలో మాత్రం సెట్టింగ్ మార్చకపోతే వత్తులు విడిపోయి, పొల్లులు బయటపడి, ఫాంటే చెడిపోయిందేమో అనిపిస్తుంది. ఇన్‌డిజైన్‌లో ‘వరల్డ్ రెడీ’ కంపోజర్ (అక్షరాల్ని అమర్చే పద్ధతి), ఇలస్ట్రేటర్‌లో దక్షిణాసియా భాషల కంపోజర్ ఎంచుకోవాలి. ఫొటోషాప్ పాత వెర్షన్లలో అయితే ప్రిఫరెన్సెస్‌లో టైప్ విభాగంలోకి వెళ్లి దక్షిణాసియా భాషలకు పనికొచ్చే టెక్స్ట్ ఇంజిన్ ఎంచుకోవాల్సి వచ్చేది. చాలామంది ఈ ఒక్క మీట నొక్కక, పాపం ఫాంట్‌ను తిట్టుకుంటూ ఉంటారు.

అమరికలో ముందుగా అందరికీ ఎదురయ్యేది వరసల మధ్య దూరం. ఇంగ్లీషు పోస్టర్లలో లావు అక్షరాల్ని ఒక వరస మీద ఇంకో వరస ఇటుకలు పేర్చినట్టు దగ్గరదగ్గరగా పెట్టడం ఫ్యాషన్. దాన్ని చూసి తెలుగులోనూ అలాగే చేయబోతే పైవరస వత్తులు కిందివరస గుడుల నెత్తిన పడతాయి. అందుకే తెలుగు ఫాంట్ ఫైలులోనే వరసల ఎత్తు ఎక్కువగా పెట్టి ఉంటుంది. దీనికి ఇంకో చిక్కు ఉంది. బాలూ తమ్ముడులోని ఇంగ్లీషు అక్షరాలు మాత్రమే వాడి వెబ్‌సైట్‌లో ఒక బటన్ తయారు చేస్తే, అక్షరాల కింద అక్కర్లేని జాగా మిగిలి, మాట బటన్ నడిమధ్యన కూర్చోదు. ఆ జాగా మన వత్తుల కోసం అట్టిపెట్టినది మరి. వెబ్ డిజైనర్లు అక్కడ వరస ఎత్తును తామే విడిగా నిర్ణయించుకోవాలి.

శీర్షిక రెండు వరసల్లో వస్తున్నప్పుడు నాకు తెలిసిన మంచి ఉపాయం, వత్తులున్న మాటను అడుగు వరసలోకి నెట్టడం. ‘సంక్రాంతి సంబరాలు’ అనే శీర్షికలో ‘సంక్రాంతి’ పైన ఉంటే దాని క్రావడి ‘సంబరాలు’ మీదికి దిగుతుంది. ‘సంబరాల సంక్రాంతి’ అంటే పైవరస చదునుగా ఉంటుంది, క్రావడి కింద ఖాళీలో హాయిగా చుట్టుకుంటుంది. రెండు వరసల్నీ దగ్గరకు జరపవచ్చు. మాటల క్రమం మార్చినా అర్థం చెడని భాష మనది, డిజైన్‌లో ఆ వెసులుబాటును ఎందుకో తక్కువగా వాడుకుంటాం.

రెండో పొరపాటు కంటికి కనిపించకుండా జరుగుతుంది. మొదటి బాలూ తమ్ముడు చూడటానికి ఎంత లావుగా ఉన్నా, ఫైలులో దాని మందం ‘రెగ్యులర్’ అనే రాసి ఉంటుంది. ఎందుకంటే ఉన్నది ఒక్కటే. వెబ్ పేజీలో పెద్ద శీర్షికలను బ్రౌజర్ తనంతట తానే బోల్డ్ చేస్తుంది. ‘ఈ ఫాంట్‌కు బోల్డ్ లేదు కదా, నేనే చేసిపెడతా’ అని అసలే లావుగా ఉన్న అక్షరానికి ఇంకో పూత పూస్తుంది. చెక్కి చెక్కి మిగిల్చిన ఖాళీలన్నీ ఆ దెబ్బకు పూడిపోతాయి. వర్డ్‌లో ‘బి’ మీట నొక్కినా జరిగేది ఇదే. శీర్షిక మందాన్ని 400 (వెబ్‌లో ‘రెగ్యులర్’కు గుర్తు ఈ అంకె) అని స్పష్టంగా రాయడమో, ఐదు మందాలున్న బాలూ తమ్ముడు 2 వాడటమో చేస్తే ఈ గొడవ ఉండదు.

మూడోది ఫ్లెక్సీల వాళ్లకు ఇష్టమైన పని, అక్షరం చుట్టూ రంగు అంచు. ఎర్ర అక్షరానికి తెల్ల అంచు, దాని బయట నల్ల అంచు, దాని వెనక నీడ. పుట్టినరోజు ఫ్లెక్సీకి ఆ హంగు ఉండాల్సిందే, కాదనను. కానీ కోరల్‌డ్రా, ఇలస్ట్రేటర్ లాంటి వాటిలో అంచు వేస్తే అది సగం బయటికి, సగం లోపలికి పడుతుంది. లోపలికి పడిన సగం అక్షరాన్ని తినేస్తుంది. కోరల్‌డ్రాలో అంచును రంగు వెనక్కు పంపే ఆప్షన్ ఉంది, ‘బిహైండ్ ఫిల్’ అంటారు. ఇలస్ట్రేటర్‌లోనూ అంచును వెనక పొరలోకి జరపవచ్చు. అప్పుడు అక్షరం చెక్కుచెదరదు, అంచు బయట మాత్రమే కనిపిస్తుంది.

ఎక్కడ వాడాలి అన్న ప్రశ్నకు జవాబు పెద్ద కష్టం కాదు. పిల్లల పుస్తకం అట్ట, బడి వార్షికోత్సవం బ్యానర్, చిరుతిళ్ల ప్యాకెట్, యూట్యూబ్ థంబ్‌నెయిల్, మొబైల్ గేమ్, హల్దీ ఫంక్షన్ ఆహ్వానం, టిఫిన్ సెంటర్ బోర్డు. మాటలు నాలుగైదుకు మించని చోటల్లా బాగుంటుంది. ఔషధం సీసా మీద, పరీక్ష హాల్ టికెట్ మీద, పెద్దకర్మ కార్డు మీద బాగుండదు. ఆఖరిదాన్ని నవ్వులాటకు చెప్పడం లేదు. డీటీపీ సెంటర్లో టెంప్లేట్ ఒకటే ఉంటుంది, పేర్లు మారుతుంటాయి, ఫాంట్ సంగతి ఎవరూ పట్టించుకోరు. 1994లో మైక్రోసాఫ్ట్‌లో విన్సెంట్ కొనారే గీసిన ‘కామిక్ శాన్స్’కు చెడ్డపేరు వచ్చింది కూడా ఇలాగే. కామిక్ పుస్తకాల్లో మాటల బుడగల్ని చూసి గీసిన ఫాంట్‌ను జనం ఆఫీసు నోటీసుల దాకా తీసుకుపోయారు.

శీర్షిక బాలూలో పెట్టినప్పుడు కింది సమాచారానికి మండలి, నోటో శాన్స్ తెలుగు లాంటి నెమ్మదైన ఫాంట్ పెట్టడం మేలు. రెండూ అల్లరి చేస్తే ఎవరి మాట వినాలో తెలియదు.

తెలుగులో బాలూ ఒక్కటే లేదు. అమెరికాలోని తెలుగువారి సంస్థ సిలికానాంధ్ర ద్వారా ఉచితంగా వచ్చిన ఫాంట్లలో రాయల ఆస్థాన కవుల పేర్లతో పెద్దన, తిమ్మన, ధూర్జటి, తెనాలి రామకృష్ణ, రామభద్ర ఉన్నాయి. గుత్తుల పురుషోత్ కుమార్ 2013లో డిజైన్ చేసిన రామభద్ర, బాలూకు నిజమైన పోటీ. అదీ లావే, దాని అంచులూ మెత్తనే. తేడా స్వభావంలో ఉంది. రామభద్రలో గీతల మందం చివరిదాకా సమంగా సాగుతుంది, నిలకడగా ఉంటుంది. పత్రిక శీర్షికకు, సభ బ్యానర్‌కు నేను దానికే ఓటేస్తాను. బాలూలో కొసలు కొంచెం ఊగుతాయి, పిల్లల సరుకుకు అది నప్పుతుంది. ఇక బాపు చేతిరాత ఆధారంగా వచ్చిన ఫాంట్ సంగతి వేరు. అందులోని సరదా ఒక మనిషి చేతిది. అది వాడితే బాపు గుర్తుకొస్తాడు తప్ప మీ బ్రాండ్ గుర్తుకురాదు.

బాలూకున్న అసలు బలం ఇతర లిపుల తోడు. హైదరాబాద్, చెన్నై, బెంగళూరు, కటక్ నాలుగు ఊళ్లలో ఒకే జంతికల ప్యాకెట్ అమ్మే కంపెనీకి నాలుగు లిపుల్లోనూ పేరు ఒకే గొంతుతో పలకాలి. తెలుగులో ఒక ఫాంట్, తమిళంలో దానికి దగ్గరగా ఉందనిపించిన ఇంకో ఫాంట్ ఏరుకొస్తే నాలుగూ నాలుగు కంపెనీల సరుకులా కనిపిస్తాయి. ఒకే బృందం, ఒకే ఆలోచనతో, ఏ లిపి నడకను దానికి ఉంచి గీసినప్పుడే ఆ పొందిక వస్తుంది. ఇదే ఏక్ టైప్ 2022లో ‘అనేక్’ పేరుతో మరో బహులిపి కుటుంబం తెచ్చింది. అందులో మందంతో పాటు వెడల్పు కూడా మార్చుకోవచ్చు.

ఇంత సౌకర్యం ఉన్నా మన ఫ్లెక్సీల మీద ఇవి కనిపించేది తక్కువే. డీటీపీ సెంటర్లలో ఇప్పటికీ అను ఫాంట్ల రాజ్యం. అవి యూనికోడ్‌కు ముందటి పద్ధతివి. ఇంగ్లీషు అక్షరాల గడుల్లోనే తెలుగు ముక్కల్ని కూర్చుకున్నాయి. ఏళ్లుగా చేతికి అలవాటైన కీబోర్డు, పాత సాఫ్ట్‌వేర్లలో కూడా చెదరని వత్తులు, వందల కొద్దీ రకాలు. ఆపరేటర్‌కు అవి వదలబుద్ధి కాకపోవడంలో ఆశ్చర్యమేముంది? కాకపోతే ఆ అక్షరాల్ని వాట్సాప్‌లోకి కాపీ చేస్తే ఇంగ్లీషు పిచ్చిగీతలు వస్తాయి, గూగుల్‌కు అవి తెలుగుగా కనబడవు. పోస్టర్ అచ్చుకే పరిమితమైతే ఫర్వాలేదు. అదే మాట వెబ్‌సైట్‌లోకీ వెళ్లాలంటే యూనికోడ్ ఫాంటే దిక్కు.

డబ్బుల సంగతి కూడా తేల్చేద్దాం. బాలూ, రామభద్ర రెండూ ‘ఓపెన్ ఫాంట్ లైసెన్స్’ కింద ఉన్నాయి. వ్యాపారానికి వాడుకోవచ్చు, లోగో చేసుకోవచ్చు, యాప్‌లో పెట్టుకోవచ్చు, ఎవరికీ రూపాయి కట్టనక్కర్లేదు. ఫాంట్ ఒక్కదాన్నే విడిగా అమ్ముకోవడం మాత్రం కుదరదు. మీ లోగోలోని అక్షరాలే ఎదురు దుకాణం బోర్డు మీదా కనిపించవచ్చు, దానికి సిద్ధపడాలి. ఫాంట్‌ను విప్పి మార్చుకునే హక్కు కూడా ఈ లైసెన్స్ ఇస్తుంది. మార్చినదాన్ని నలుగురికీ పంచాలనుకుంటే అదే లైసెన్స్ కింద పంచాలి, అసలు ఫాంట్ పేరును రిజర్వ్ చేసి ఉంటే వేరే పేరు పెట్టాలి. ఒక్క లోగో కోసమైతే అంత దూరం వెళ్లనక్కర్లేదు. పేరు టైప్ చేసి కర్వ్స్‌గా (అక్షరాల్ని మామూలు బొమ్మ గీతలుగా) మార్చుకుని, ఒరుసుకుంటున్న వత్తును నాలుగు పాయింట్లు కిందికి లాగి, కావాలంటే తలకట్టు వాలు కొంచెం మార్చి చూడండి. ఎదురు దుకాణం బోర్డుతో ఉన్న పోలిక కూడా దాంతో కొంత తగ్గుతుంది.